బడిపంతులు తీర్చిన జట్టు

1971 జూన్ 2వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానంలో ఏథెన్సు నగరపు జట్టు పానథినైకోస్, హాలెండు జట్టు అయాక్స్ చేతిలో 2-0 గోల్స్‌తో ఓడిపోయినది. అయినను గ్రీకులు ఆ ఓటమిని గర్వంగానే చెప్పుకొంటారు. యూరపులోని మేటి క్లబ్బుల కప్పులో తుది ఆట వరకు వెళ్లిన గ్రీకు జట్టు అదొక్కటే. ఖండస్థాయి కప్పు ఒకటి గ్రీసుకు దక్కడానికి మరి 53 ఏండ్లు పట్టినది; 2024లో ఒలింపియాకోస్ జట్టు ఫియొరెంటీనాను ఓడించి కాన్ఫరెన్స్ లీగ్ గెలిచినది. ఓడినవాని పేరు సైతం నిలిచినదంటే, దేశాలు దాటి ఆడేందుకు అక్కడి క్లబ్బులకు 1955 నుండి ఒక నిచ్చెన ఉండడమే కారణం.

మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు అటువంటి నిచ్చెన లేదు. బొంబాయిలో ఆనాడు జరిగిన రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచినది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను గెలిచినది. ఆనాడు కృష్ణా జిల్లా పొలిమేరనున్న మధిర కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. కనుక ఆ కీర్తిలో మధిర బడిపిల్లలకును భాగమున్నది. ఆ పైమెట్టు మాత్రం కట్టినవారు లేరు.

ఆ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత ఉపాధ్యాయుడు, మైదానంలోనూ ఉపాధ్యాయుడే. బంతిని ఒంటరిగా తోలుకొని పోవడం నిషేధించి, ఒకటి రెండు తాకుడులలోనే తోటివానికి అందించాలనే నియమంతో కుర్రవాళ్లకు పోటీలు పెట్టినాడు. వాటము లేని కాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు. ఎడమచేతితో అక్షరాలు దిద్దించడం వంటిదే ఇది! దీని విలువ పంతుళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

క్లబ్బుకు లేని మెట్టును రహీం దేశపు జట్టుతో ఎక్కినాడు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో పరాభవం. మనవారిలో పలువురు వట్టి కాళ్లతో ఆడినారు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీం శిక్షణలో జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనలు చేరినది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, ప్రేక్షకులు ఎగతాళి చేయుచుండగా, దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చినది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును, రక్షకుడే అయినను, ముందువరుసలో ఆడించినాడు రహీం. రెండు గోల్స్‌లో ఒకటి ఆయనదే. అప్పటికే క్యాన్సరు పట్టిన రహీం 1963 జూన్ 11న మరణించినాడు.

ఆసియా క్లబ్బుల పోటీ మొదలైనది 1967లో. గురువు లేడు; మంచి ఆటగాళ్లు పలువురు అంతకు ముందే కలకత్తా క్లబ్బుల పాలైనారు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినాడు. రోం ఒలింపిక్స్‌లో హంగేరీపైన, పెరూపైన గోల్ చేసిన బలరాం ఆయనే.

తరువాత 2019లో హైదరాబాదు ఎఫ్‌సి పుట్టినది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు సైతం మార్చుకొన్నది.