అద్దె ఎక్కువొస్తే లాభమూ ఎక్కువేనా?

కువైట్‌లో కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో సొంతూళ్లో ఇల్లు కొని అద్దెకివ్వాలని కడప జిల్లాలో చాలా కుటుంబాలు అనుకుంటాయి. ప్రొద్దుటూరా, జమ్మలమడుగా, పులివెందులా? అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఏడాది అద్దెను, రిజిస్ట్రేషన్‌తో కలిపి ఇంటికి పెట్టిన మొత్తంతో భాగించి 100తో హెచ్చవేయాలి. అదే రాబడి శాతం.

60 లక్షల ఇంటికి నెలకు 12 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి 1.44 లక్షలు, అంటే 2.4 శాతం. 30 లక్షల ఇంటికి 8 వేలే వచ్చినా 3.2 శాతం. కానీ ఆ చిన్నిల్లు మూడు నెలలు ఖాళీగా ఉంటే అదీ 2.4కే దిగుతుంది. ఇంటిపన్ను, రిపేర్లు వేరే.

అందుకే అద్దెకు దిగేదెవరో చూసుకోవాలి. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. జమ్మలమడుగుకు గండికోట దగ్గరే గానీ, టూరిస్టులు ఒకట్రెండు రోజులుండి పోయేవాళ్లే, నెలవారీ అద్దెకు దిగరు.

అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ ఉండదు. అద్దెలో మిగిలి, నిసాబ్‌కు చేరి ఏడాది నిలిచిన సొమ్ముపై 2.5 శాతం ఇవ్వాలి.

బయానా ఇచ్చే ముందు అదే వీధిలో అద్దెకున్న నలుగురిని అడగండి: ఎంత కడుతున్నారు, పక్కిల్లు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది?