పుట్టుక కాదు, ఐదో షెడ్యూలే గీటురాయి

రాష్ట్రపతి ఎన్నికకు 2022 జూలై 18న పోలింగ్ జరిగింది. ఎన్డీఏ అభ్యర్థిగా ద్రౌపది ముర్ము పేరు వెలువడిన నాటి నుంచి చర్చంతా ఆమె పుట్టుక చుట్టూనే తిరిగింది. అప్పటికి డెబ్బై ఐదేళ్ల స్వాతంత్ర్యంలో ఆ పీఠంపై ఒక్క ఆదివాసీ కూడా కూర్చోలేదు కనుక, సంతాల్ మహిళ అభ్యర్థిత్వం చిన్న విషయం కాదు. అయితే పుట్టుకను మాత్రమే కీర్తించడం ఆమెను చిన్నబుచ్చడమేనని నా అభిప్రాయం. ఆమెకు చదవదగిన రాజకీయ చరిత్ర ఉంది.

ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో 1958లో పుట్టిన ముర్ము ప్రభుత్వ శాఖలో జూనియర్ అసిస్టెంట్‌గా, తర్వాత ఉపాధ్యాయినిగా పనిచేశారు. 1997లో రాయ్‌రంగ్‌పూర్ కౌన్సిలర్. 2000, 2004లలో శాసనసభ్యురాలు. నవీన్ పట్నాయక్ మంత్రివర్గంలో మంత్రి. 2015 నుంచి 2021 వరకు జార్ఖండ్ గవర్నర్.

ఆ రాష్ట్రంలో 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం, 1949 నాటి సంతాల్ పరగణా కౌలుదారీ చట్టం ఆదివాసీ భూమికి కంచెలు. బిర్సా ముండా వంటివారి తిరుగుబాట్ల ఫలితాలవి. ఆ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మళ్లించేందుకు 2016లో రఘుబర్ దాస్ ప్రభుత్వం సవరణ బిల్లులు తెచ్చింది. ఆదివాసీలు వీధుల్లోకి వచ్చారు. గవర్నర్ 2017లో బిల్లులను తిప్పి పంపారు. ఆమె వచ్చిన పార్టీ ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. కానీ ఆమె పదవీకాలంలోనే, గ్రామసభ హక్కులను రాతిపలకలపై చెక్కిన పత్థల్‌గడి ఉద్యమకారులపై ఖూంటిలో రాజద్రోహం కేసులు నమోదయ్యాయి. ఈ రెండు పుటలనూ కలిపి చదవాలి.

ఐదో షెడ్యూలు గవర్నర్‌కు ఇచ్చిన అధికారం అలంకారం కాదు. మన ఏజెన్సీ భూములకు రక్షణగా నిలిచిన 1/70 ఆ అధికారం నుంచే పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనపై గవర్నర్లు రాష్ట్రపతికి ఏటా నివేదిక పంపాలని కూడా ఆ షెడ్యూలే చెబుతోంది. ఆరేళ్లు నివేదిక పంపే స్థానంలో ఉన్న ముర్ము, ఎన్నికయ్యాక నివేదికలు అందుకునే స్థానానికి చేరారు.

పరీక్ష కూడా అప్పుడే ఎదురుగా నిలిచింది. 2022 జూన్ 28న కేంద్రం నోటిఫై చేసిన అటవీ సంరక్షణ నిబంధనలు, అటవీ భూమి మళ్లింపులో గ్రామసభ సమ్మతి బాధ్యతను కేంద్ర అనుమతి తర్వాతి దశకు, రాష్ట్రాల పైకి నెట్టాయి. కేంద్రం అనుమతించాక గ్రామసభ కాదనగలదా? రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు బద్ధులే. అయినా ఒకసారి పునరాలోచించమని కోరే అధికారాన్ని రాజ్యాంగం 74వ అధికరణంలో ఆ పీఠానికి ఇచ్చింది. రాంచీ రాజ్‌భవన్‌లో వేసిన ప్రశ్నను రాష్ట్రపతి భవన్‌లోనూ వేస్తారా అన్నదే ఆదివాసీ సమాజం అడగవలసిన ప్రశ్న.