రామగిరి గుట్ట చెంత రాత్రి బస – ఆరోగ్య నియమాలు

పెద్దపల్లి జిల్లా బేగంపేట సమీపాన గల రామగిరి ఖిల్లా ఔషధ మూలికలకు ప్రసిద్ధి చెందినది. శ్రావణ మాసంలో రామగుండం, గోదావరిఖనుల నుండి కుటుంబాలు ఇచ్చటికి తరలివస్తాయి. గుడారంలోనో, వాహనంలోనో రాత్రి గడపదలచినవారు ముందుగా అటవీ సిబ్బంది అనుమతి పొందవలెను.

వానకాలంలో నేలపై శయనించరాదు. కట్లపాము నిద్రలో ఉన్నవారిని కాటువేసినను నొప్పి, వాపు అంతగా కనిపించకపోవచ్చును. కొన్ని గంటలకు కడుపునొప్పి కలిగి, కనురెప్పలు వాలిపోవును. కనుక మడతమంచం వేసుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడవవలెను.

కాటు పడినదన్న అనుమానం కలిగిన వెంటనే 108కి ఫోన్ చేసి, రోగిని కదలనీయక ఆసుపత్రికి చేర్చాలి. త్రాటితో బిగించుట, గాయం కోయుట, ఆకు పసరు పోయుట తగదు. మూలికల గుట్ట చెంతనే ఉన్నామని జాప్యం చేసిన ప్రాణాపాయం. ఈ విషానికి విరుగుడు ఆసుపత్రిలోని సూదిమందే.

వాగునీటిని తెర్లకాచి, చల్లార్చి త్రాగవలెను. విరేచనాలైనచో లీటరు కాచిన నీటిలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇవ్వవలెను. అజీర్ణానికి వాము, శొంఠి వెంట ఉంచుకొనుట మంచిది. ఎంత పేరొందిన గుట్ట అయినను, గుర్తెరుగని ఆకును నోట పెట్టరాదు.