పాదరసంలో దాచిన లెక్క

కంప్యూటర్ అనేది ఇంగ్లీషు మాట. లెక్కలు కట్టేది అని దాని అర్థం. ఒకప్పుడు ఆ మాట మనుషులకే వాడేవారు. కూర్చుని లెక్కలు కట్టేవాళ్లే కంప్యూటర్లు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు.

తర్వాత కరెంటుతో లెక్క చేసే యంత్రాలు వచ్చాయి. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. అది పెద్ద గది నిండా ఉండేది. చాలా వేగంగా లెక్క చేసేది. కాని వేరే లెక్క చేయాలంటే చిక్కే. వైర్లు పీకి వేరేచోట పెట్టాలి. మీటలు మార్చాలి. అందుకు రోజులు పట్టేవి. ఆరుగురు ఆడవాళ్లు ఆ పని చేశారు. వాళ్ల పేర్లు చాలా ఏళ్లు బయటికి రాలేదు.

మరి, వైర్లు మార్చకుండా పని మార్చడం ఎలా?

చేయాల్సిన పనిని వరుసగా రాయాలి. అంకెలు దాచిన చోటే ఆ రాతనూ దాచాలి. అప్పుడు కొత్త పనికి కొత్త రాత చాలు.

1948 జూన్‌లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక చిన్న యంత్రం ఇలా పనిచేసి చూపింది. 1949 మే 6న కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ పని మొదలుపెట్టింది. మారిస్ విల్క్స్, ఆయన తోటివాళ్లు దాన్ని తయారుచేశారు. పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు అందులో సుమారు 3,000 ఉండేవి.

ఎడ్సాక్ జ్ఞాపకం పాదరసంలో ఉండేది. జ్వరం చూసే పాత థర్మామీటర్‌లో మెరిసేది పాదరసమే. పాదరసం నింపిన గొట్టంలో ఒక కొసన శబ్దం పుట్టిస్తారు. అది రెండో కొసకు చేరుతుంది. దాన్ని మళ్లీ మొదటి కొసకు పంపుతారు. అంగడికి పంపిన పిల్ల మరిచిపోకుండా "ఉప్పు, చింతపండు" అని దారంతా అనుకుంటూ పోతుంది కదా! ఇదీ అంతే.

రాతను కాగితపు పట్టీ మీద చిల్లులుగా పొడిచేవారు. యంత్రం ఆ చిల్లులను చదివేది. 2ను 2తో హెచ్చిస్తే 4. 3ను 3తో హెచ్చిస్తే 9. ఇలా 99 దాకా లెక్కకట్టి జవాబులు అచ్చువేసింది. అదే దాని మొదటి పని.

కాని యంత్రానికి తప్పొప్పులు తెలియవు. ఏది రాస్తే అదే చేస్తుంది. తను రాసినదాంట్లో తప్పులు వెతకడానికే జీవితంలో చాలా కాలం పోతుందని విల్క్స్‌కు ఆ ఏడే తోచింది.

ఇంగ్లండులో టీ దుకాణాలు నడిపే లయన్స్ కంపెనీ ఎడ్సాక్ కోసం 3,000 పౌన్లు ఇచ్చింది. దాన్ని చూసి తనకూ ఒక యంత్రం తయారు చేసుకుంది. దాని పేరు లియో. 1951లో లియో రొట్టెల తయారీ లెక్కలు కట్టింది. తర్వాత పనివాళ్ల జీతాల లెక్కలూ కట్టింది. 1952లో మేరీ కూంబ్స్ అనే ఆమె లియోకు రాత రాసే పనిలో చేరింది.

ఎడ్సాక్‌ను 1958లో ఆపేశారు. ఆ పద్ధతి మాత్రం పోలేదు. బ్యాంకులోని కంప్యూటరూ, చేతిలోని సెల్‌ఫోనూ నేడు అలాగే నడుస్తున్నాయి.

పాసుపుస్తకంలో అంకెలు కంప్యూటరు వేసినవే. కంప్యూటరు వేసింది కాబట్టి తప్పు ఉండదని అనుకోవద్దు. మనిషి తప్పు ఎక్కిస్తే అది తప్పే చూపుతుంది. అంకెలు చదవండి. మీ లెక్కతో సరిచూసుకోండి. తేడా ఉంటే అడగండి.