జీపుబండి వెనుక ఇరుసును గుర్తించుట

యుద్ధమధ్యమున దశరథుని రథపు ఇరుసుచీల యూడిపోగా, కైకేయి తన వ్రేలినే చీలగా నుంచి భర్తను గాపాడెనని మనవారు చెప్పుకొను కథ యొకటి కలదు. చక్రము నిలుచుట యెంత చిన్న వస్తువుపై నాధారపడునో దానివలన దెలియును. నేడు నేను విన్నవించునది రథమును గూర్చి కాదు. పాత జీపును గూర్చి.

ఆలేరులో మా మేనల్లుడు అట్టి జీపు నొకదానిని కొనెను. దాని బ్రేకులు చాలవని, 9 అంగుళముల డ్రమ్ములు తీసి 11 అంగుళములవి వేయింపదలచి సామాను తెప్పించెను. వెనుక చక్రములకవి పట్టలేదు. ఇరుసును చూడకయే సామాను తెప్పించుట వాని తప్పు. సొమ్ము పోయిన బోయెను. ఎట్లో బలవంతముగా నెక్కించి వరంగల్లు బాటపై బోయియున్నచో నేమయ్యెడిదో!

ఈ జీపుల వెనుక ఇరుసులు ముఖ్యముగా రెండు విధములు. 1941 మొదలు 1945 వఱకు విల్లీసు, ఫోర్డు కంపెనీలు సైన్యమునకు చేసిన జీపులందు బండిబరువును ఇరుసుగొట్టమే మోయును. లోని కడ్డీ చక్రమును త్రిప్పుట మాత్రమే చేయును. మోటబావికడ గిలకను మోయు దూలము వేఱు, లాగు నెద్దులు వేఱు అయినట్లు. దీనిని ఫుల్ ఫ్లోటింగు అందురు. 1945లో వెలువడిన పౌరుల జీపులలో మొదటివానికిని ఇదియే యుండెను. పిమ్మట వచ్చినవానిలో త్రిప్పెడి కడ్డీయే బరువునుగూడ మోయును. ఇది సెమీ ఫ్లోటింగు.

భేద మెందులకనగా, మొదటిదానిలో కడ్డీ విఱిగినను చక్రము స్థానమున నిలుచును, బ్రేకు పనిచేయును. రెండవదానిలో కొనకడ విఱిగినచో చక్రము డ్రమ్ముతోగూడ నూడిపోవచ్చును. అప్పుడు కాలితో త్రొక్కినచో సిలిండరులోని పిస్టనులు బయటికి వచ్చి బ్రేకునూనె కాఱిపోవును. పాత జీపులకు నూనెదారి యొకటియే గనుక నాలుగు చక్రముల బ్రేకులును పోవును.

గుర్తు సులభము. వెనుక చక్రపు నడుమ మూత యున్నచో దీసి చూడవలెను. గుండ్రని బిళ్లపై ఆఱు బోల్టులు వలయముగా నున్నచో అది మొదటిది. నడుమ నొకే పెద్ద నట్టు, దానికడ్డముగా పిన్ను నున్నచో రెండవది. ఈ రెండవదాని డ్రమ్మును పుల్లరుతోనే లాగవలెను, సుత్తితో కొట్టరాదు.

కాగితములలోని సంవత్సరమును నమ్మరాదు. ఇన్నేండ్లలో ఎవరెవరు ఏ ఇరుసు మార్చిరో! కొన్నింటికి ఇరుసుమూత బోల్టుక్రింద పండ్లసంఖ్య చెక్కిన చిన్న రేకు నిలిచియుండును. లేనిచో గేరు తప్పించి, చదునైన నేలపై బండిని తిన్నగా నెట్టింపవలెను. చక్రమునకును, ముందునుండి వచ్చు షాఫ్టునకును సున్నపుగీత పెట్టి, ప్రక్కనుండి వంగి లెక్కింపవలెను, క్రింద దూరరాదు. చక్రము 8 చుట్లు తిరుగునప్పటికి షాఫ్టు 39 చుట్లు తిరిగినచో యుద్ధపుజీపు ఇరుసు, 43 అయినచో పౌరులది. పెద్ద బ్రేకులకై వెనుక ఇరుసునంతయు మార్చువారు ముందు ఇరుసు లెక్కయు సరిపోవునట్లు చూడవలెను. లేనిచో నాలుగు చక్రములను గలిపి నడిపినప్పుడు ముందువెనుకలు పోరాడుకొని లోనిపండ్లు విఱుగును.

మావాని బండికి 43 వచ్చినవి. నడుమ నొకే నట్టు. అతడు తెప్పించినది ఆఱు బోల్టులదానికి దగిన సామాను. ఈ మారు చుట్లలెక్కయు, డ్రమ్ముకొలతయు కాగితముపై వ్రాసుకొని బజారునకు బోయెను.