అత్యవసర వైద్యము: పనిభారమును కొలుచుట ఎట్లు?

పెద్దతిప్పసముద్రము పరిసరములలో రాత్రివేళ ఎవరినైనను పాము కరచి, స్థానికముగా లభించు దానిని మించిన వైద్యము కావలసివచ్చినచో, బంధువులు మదనపల్లె పెద్దాసుపత్రి దారి పట్టుదురు. అట్టి ఆసుపత్రి అత్యవసర విభాగమునకు ఎందరు వైద్యులు, ఎన్ని మంచములు కావలెను? దినమున కెందరు వచ్చిరో రిజిస్టరు చూచి లెక్కించిన చాలునని తోచును. కాని అది సగము లెక్కయే.

శ్రోతల సౌకర్యమునకై మేమొక ఉదాహరణమును కల్పించి చెప్పుచున్నాము. ఒక విభాగమునకు గంటకు 5 మంది రోగులు వత్తురు. ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉందురు. అప్పుడు లోపల ఒక్కసారిగా సుమారు 20 మంది ఉందురు. పై వార్డులో మంచము ఖాళీ లేక ఆ 4 గంటలు 6 అయినచో, వచ్చువారు ఒక్కరైనను పెరుగకయే 30 మంది అగుదురు. ఈ సూత్రమును 1961లో అమెరికా దేశస్థుడు జాన్ లిటిల్ నిరూపించెను. ఇరుకునకు కారణము గుమ్మమువద్దనే గాక, లోపలి వార్డులోను ఉండవచ్చునన్నమాట.

రోగులు గంటగంటకు సమానముగా రారు. టెలిఫోను పిలుపులు వచ్చు తీరును 1909లో డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ లెక్కగట్టెను. ఆయన ఆరంభించిన గణితము ఆసుపత్రి వరుసలకును ఉపకరించును. సిబ్బందికి క్షణము తీరిక లేనంత పని ఉన్నచో, మరికొందరు రాగానే వరుస మితిమీరి పెరుగును. కావున కొంత వెసులుబాటు ఉంచుట వ్యర్థవ్యయము కాదు.

కుట్లు వేసి పంపదగిన గాయమును, కృత్రిమశ్వాస అవసరమైన పాముకాటును రిజిస్టరులో చెరియొక పంక్తియే. అందుచే రోగులను తీవ్రతనుబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గములుగా విభజించి, వచ్చిన వేళ, వైద్యుడు చూచిన వేళ, విడిచిన వేళ మూడింటిని వ్రాయవలెను.

రిజిస్టరున కెక్కనివారును గలరు: వేచి విసిగి వెడలిపోయినవారు, సరిహద్దు దాటి కర్ణాటకకు పోయినవారు, బండి దొరకక ఇంటనే ఉండిపోయినవారు. రిజిస్టరు చేసిన పనిని చెప్పును. ప్రజల అవసరమును పూర్తిగా చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 సేవ ఆరంభమైనది. దానికి వచ్చు పిలుపుల వేళను, చోటును ఆసుపత్రి లెక్కతో సరిచూచినచో, ఏ గ్రామములలో ఏ వేళల ఆపద హెచ్చుగా ఉన్నదో కొంత తెలియును.

రోగిని తెచ్చిన బంధువులు చేయదగిన సహాయమొకటి గలదు. పాము కరచిన వేళను, ప్రమాదము జరిగిన వేళను గుర్తుంచుకొని స్పష్టముగా చెప్పవలెను. ఆ ఒక్క మాట వైద్యునికి చికిత్సలోను, ఆసుపత్రికి లెక్కలోను అక్కరకు వచ్చును.