ఆనందవనము: శ్రమయే ఆశ్రయమైన పల్లె

కాజీపేటనుండి బల్లార్షా మీదుగా నాగపూరు వైపునకు పోవు రైలులో ప్రయాణము చేసినవారికి వరోరా స్టేషను పరిచితమే. మహారాష్ట్రమందలి చంద్రపూరు జిల్లాలోని యీ చిన్న పట్టణమునకు చేరువనే ఆనందవనమను గ్రామ మొకటి కలదు. మన తెలుగు కుటుంబములు పెక్కు తరతరములుగా నీ జిల్లాయందు నివసించుచున్నను, ఆ గ్రామ మెట్లు పుట్టినదో, ఎవరి చేతులమీద పెరిగినదో మనలో అందరు నెరుగరు. విద్యార్థులారా! పొలము, పాఠశాల, నివాసము అను మూడును ఒక్కచోట కలిసిన ఆ పల్లెను గూర్చి తెలిసికొందము.

దాని స్థాపకులు బాబా ఆమ్టే గారు. వీరు 1914 డిసెంబరు 26వ తేదీన వార్ధా జిల్లా హింగణఘాటులో కలిగిన కుటుంబమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదివి వకీలైరి. పాకీపనివారి కష్టమును స్వయముగా తెలిసికొనగోరి వరోరా వీధులలో మలపు తట్టను నెత్తిన మోసిరి. ఒకనాడు వానలో దారిప్రక్క కుష్ఠువ్యాధితో శరీరము శిథిలమై పడియున్న తులసీరామను వానిని చూచి, భయపడి, ఇంటికి పరుగెత్తిరి. ఎవరికిని జంకనని తలచిన వీరికి ఆ భయమే గొప్ప అవమానముగా తోచెను. మరల వెళ్లి, వానికి నీడ కల్పించి, అన్నము పెట్టి, తుదివరకు సేవచేసిరి. పిమ్మట కలకత్తాకు పోయి ఆ వ్యాధి చికిత్సను నేర్చుకొనిరి.

ఇచ్చట వ్యాధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. కుష్ఠు పాపఫలము కాదు, వంశపారంపర్యమును కాదు. దానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనెను. మానవులలో పెక్కుమందికి దానిని ఎదుర్కొను శక్తి సహజముగనే కలదు. అది నరములను దెబ్బతీయుటచే స్పర్శ నశించును. స్పర్శ లేనందున కాలినను, గాయపడినను తెలియదు. ఆ పుండ్లవలననే వ్రేళ్లు క్షీణించును. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించినది. నేడు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించు ఆ మందులతో ఆరు నెలలకో, పండ్రెండు నెలలకో వ్యాధి నయమగును. మందు ప్రారంభించిన కొలది కాలములోనే ఇతరులకు సోకు భయము తొలగును.

కాని దేహము నయమైనంతమాత్రమున ఇల్లు తలుపు తెరచునా? అన్నదమ్ములు పంక్తిలో కూర్చుండనీయరు. యజమాని పని ఇయ్యడు. ఔషధము వైద్యుడు ఇయ్యగలడు గాని, పొలమును, గడపను ఎవరు ఇత్తురు? ఆనందవన మీ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది. 1949లో మహారోగి సేవా సమితి ఏర్పడెను. 1951లో వరోరా వెలుపల, ప్రభుత్వ మొసగిన యాబది యెకరముల రాతినేలలో, సహధర్మచారిణి సాధనాతాయి, ఇరువురు పసిబాలురు, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, పదునాలుగు రూపాయలు — ఇంతమాత్రపు సంపదతో ఆమ్టే గారు కాపురము పెట్టిరి. మొదటి పని బావి త్రవ్వుట.

నీరు పడినది, కూరగాయలు పండినవి. అయినను పట్టణమువారు వానిని కొనరైరి. రోగుల చేయి తగిలిన కాయ తినిన వ్యాధి వచ్చునని వారి భయము. 1950 దశకమున అంతర్జాతీయ స్వచ్ఛందసేవా సంస్థకు చెందిన విదేశ యువకులు అచ్చటికి వచ్చి, గోడలు కట్టుచు, ఆ కూరలనే ఆ రోగులతో కలిసి భుజించిరి. దానిని చూచిన పట్టణమువారి సంకోచము క్రమముగా తొలగినది. ఉపన్యాసములు చేయలేని పనిని ఒక పూట సహపంక్తి భోజనము చేసినది.

తరువాతి కథ మరింత ఆశ్చర్యకరము. ఏ చేతులకు సంఘము బడిగడపను నిషేధించినదో, ఆ చేతులే ఇతరుల బిడ్డలకు కళాశాలను నిర్మించినవి. 1964లో కళాశాలయు, 1965లో వ్యవసాయ కళాశాలయు, 1966లో అంధుల పాఠశాలయు వెలసినవి. 1967లో మూల్ ప్రాంతమున సోమనాథ్ అను వ్యవసాయక్షేత్రము ఆరంభమైనది. అచ్చట వేసవి శిబిరములలో యువకులు ఉదయము పలుగుపట్టి పనిచేసి, పిదప చర్చలలో పాల్గొందురు. నేల దున్నుట చదువులో భాగమని ఆ క్షేత్రము నేర్పును.

నివాసపద్ధతియు గమనింపదగినది. నయమైనవారు, అంధులు, బధిరులు, వికలాంగులు, అనాథ శిశువులు, వృద్ధులు — అందరు నొకే ఊరివారు. వారు పెండ్లిండ్లు చేసికొని కాపురములు చేయుదురు. మగ్గము నేయుదురు, పాలు పితుకుదురు, వడ్రంగము చేయుదురు. ఒకరికి లేని కన్ను మరియొకరికి కలదు. ఆయనకు లేని చేయి మొదటివానికి కలదు.

ఇట్టి పల్లెకు మన సహాయ మేల యని కొందరు తల్లిదండ్రు లడుగవచ్చును. పొలము అన్నము పెట్టును గాని, వానలు తప్పిన యేట అదియు పెట్టజాలదు. వృద్ధుల వైద్యమునకు, బడిపిల్లల పోషణకు ప్రతిఫలము ఉండదు. లాభమునకు గాక నడుచు సంస్థలకు చందాలే ఆధారము. కావున రసీదు పుచ్చుకొని, లెక్కలు చూచి, శక్తికొలది ఇయ్యవచ్చును. వారు నేసిన వస్తువులను కొనవచ్చును. భిక్ష కంటె బేరము గౌరవప్రదము. సెలవులలో శ్రమదానము చేయవచ్చును.

ఇవి చేయలేనివారు ఒక్కటి చేయగలరు. మన వీధిలో ఎవరి మేనిమీదనైన స్పర్శ లేని మచ్చ కనబడిన, దాచవలదని చెప్పి, ఆసుపత్రికి తోడుగా వెళ్లుడు. నయమై తిరిగివచ్చినవానిని పీట వేసి కూర్చుండబెట్టుడు. 2008 ఫిబ్రవరి 9వ తేదీన కన్నుమూసిన ఆమ్టే గారిని ఆ నేలలోనే పూడ్చిరి. ఆయన స్థాపించిన పల్లె వరోరాయందున్నది. కాని మూసిన తలుపు తెరచినప్పుడెల్ల అట్టి పల్లె మన యింటనే మొదలగును.